నడుం మీద బరువు: పల్నాడు ఆడవాళ్ళ పని చరిత్ర



ఏటా మన సమాఖ్య నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాం. ఆ పొదుపు రూపాయి ఏ పని చేస్తే వచ్చింది, ఆ పనికి మన ఒళ్ళు ఎంత అరిగింది అన్నది మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ రాయం. సమావేశంలో నేల మీద గంట కూర్చుని లేచేటప్పుడు మనలో సగం మంది నడుం పట్టుకునే లేస్తాం. ముప్పై ఏళ్ళ వాళ్ళు కూడా మోకాలి మీద చెయ్యి ఊని లేస్తున్నారు. ఎందుకమ్మా అని అడిగితే "పనులు గదా" అంటారు.

పని ఎప్పుడూ ఉన్నదే. మన అమ్మమ్మలూ చేశారు, నాయనమ్మలూ చేశారు. వాళ్ళ కాలంలో ఏ పని ఎక్కడ నొప్పి పెట్టింది, ఆ నొప్పిని వాళ్ళు ఎలా తగ్గించుకున్నారు, తర్వాత ఏ పని పోయి ఏ పని వచ్చింది అని ఈసారి రాద్దామనుకున్నాం. మన సంఘాల్లోని పెద్దవాళ్ళు చెప్పినవి, శిక్షణల్లో విన్నవి, పుస్తకాల్లో చదివినవి కలిపి ఇది రాస్తున్నాం.

జొన్నలు, తిరగలి, బావి

పల్నాటి చరిత్ర అనగానే నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారంపూడి యుద్ధం గుర్తుకొస్తాయి. ఆ సైన్యాలకు జొన్నలు విసిరిందెవరో కథలో ఎక్కడా రాదు. కానీ మన నేల మీద ఆడవాళ్ళ కష్టం పైవాళ్ళ కంట పడకపోలేదు. పదిహేనో శతాబ్దపు కవి శ్రీనాథుడిదని చెప్పుకునే చాటు పద్యం ఒకటుంది. పల్నాడుకు దేవలోకపు అందగత్తె వచ్చినా నూలు వడకక తప్పదని, రాజు వచ్చినా నాగలి పట్టాల్సిందేనని, ఎంతటివాడైనా జొన్నకూడే తినాలని అందులో వెక్కిరింపు. వెక్కిరింపు సంగతి ఎట్లా ఉన్నా, అందులో ఒక నిజం ఉంది. ఈ ఊళ్ళల్లో పనిచేయని ఆడది అంటూ లేదు.

సాగర్ నీళ్ళు రాకముందు పల్నాడు మెట్ట నేల. జొన్న, సజ్జ, వరిగ పండేవి. ఆ గింజ నోటికి రావాలంటే దంచాలి, చెరగాలి, విసరాలి. తెల్లారుజామున కోడి కూయక ముందే తిరగలి దగ్గర కూర్చునేవాళ్ళమని పెద్దవాళ్ళు చెబుతారు. విసరడానికి భుజం, మెడ, మణికట్టు అరుగుతాయి. దంచడానికి భుజాలతో పాటు నడుము కూడా. బావి లోతుగా ఉంటే చేద తోడి తోడి అరచేతులు కాయలు కాసేవి. ఆపైన బిందె చంకనేసుకుని నడవడం. నీళ్ళు నిండిన పెద్ద బిందె పదిహేను కిలోలకు పైనే ఉంటుంది. రోజూ ఒకే చంకన మోస్తే వెన్ను ఆ పక్కకే ఒరుగుతుంది. మగవాళ్ళు మాత్రం కావడి వేసేవాళ్ళు. కావడిలో బరువు రెండు వైపులా సమంగా పడుతుంది. మంచి పద్ధతి మన ఊళ్ళోనే ఉన్నా అది ఆడవాళ్ళ భుజానికి రాలేదు.

అయితే ఆనాటి ఆడవాళ్ళు నొప్పిని ఊరికే భరించారనుకోవద్దు. వాళ్ళకు వాళ్ళ ఉపాయాలున్నాయి. ఒకే రోట్లో ఇద్దరు నిలబడి ఒకరి తర్వాత ఒకరు పోటు వేసేవాళ్ళు. ఒకరి రోకలి పడేటప్పుడు ఇంకొకరి చెయ్యి పైకి లేస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకోడానికి సందు దొరుకుతుంది. దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు కాలక్షేపానికే పుట్టలేదు. పాట ఎంత వేగంగా సాగితే పని అంతే వేగంగా సాగుతుంది. పాట చరణం ఆగినప్పుడు చెయ్యి ఆగుతుంది. అంటే విశ్రాంతిని పాటలో కలిపి పెట్టుకున్నారు. నెత్తిన చుట్టకుదురు పెట్టుకోవడం, కూర్చుని చేసే పనికి పీట వేసుకోవడం, ఒకరికొకరు బిందె ఎత్తిపెట్టడం, ఇవన్నీ డాక్టరు చెప్పకముందే మనవాళ్ళు కనిపెట్టిన జాగ్రత్తలు.

తర్వాత పిండిమర వచ్చింది, బియ్యం మిల్లు వచ్చింది. తిరగలి మూలన పడింది. చాలా మంచి మార్పు, ఎవరూ కాదనరు. కానీ ఇద్దరు కలిసి దంచే అలవాటు, పాట, మధ్యలో ఊపిరి తీసుకునే సందు, ఇవి కూడా తిరగలితో పాటే మూలన పడ్డాయి.

కట్టెల మోపు

పొయ్యిలోకి కట్టె కావాలంటే అడవికి పోవాలి. నల్లమల అంచు ఊళ్ళవాళ్ళకు ఇది రోజూ ఉన్న పనే. ఇంగ్లీషు దొరల కాలంలో అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమన్నారు. 1921లో పల్నాడు రైతులు కట్టమని ఎదురు తిరిగారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఈ కథ మన పిల్లలు పాఠంలో చదువుతున్నారు. మనం ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటి. అడవి మీద ఆంక్ష పెడితే దగ్గరి కట్టె దొరకదు, దూరం పోవాలి. దూరం పెరిగితే మోపు పెద్దది కట్టాలి, రెండుసార్లు తిరగలేరు గనక. పన్ను కాగితం మీద మగవాడి పేరుంటుంది, ఆ బరువు మాత్రం ఆడదాని మెడ మీద పడుతుంది. ఇంటికి తెచ్చాక ఆ కట్టె పొగ మళ్ళీ ఆమె కళ్ళల్లోకి, ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

సాగర్ కట్టిన చేతులు

1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. డ్యాము ఎత్తు 124 మీటర్లు, అంటే నాలుగు వందల అడుగుల పైమాటే. అంత పెద్ద డ్యాముని కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. పాలమూరు నుంచి, మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది కూలీలు వచ్చారు. అందులో ఆడవాళ్ళు నెత్తిన రాళ్ళు, గమేళాల్లో సున్నం సిమెంటు కలిపిన మాలు మోసుకుంటూ ఏటవాలు బాటల మీద ఎక్కారు. ఆనాటి ఫోటోల్లో చీమల బారులాగా కనిపించేది వాళ్ళే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అదే 1967లో, మన కాలవలకు నీళ్ళు వదలడానికి కొద్ది వారాల ముందు జూన్ నెలలో, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మనిషి మోసే బరువు గురించి ఒక ఒప్పందం చేసింది. పనివాడి ఆరోగ్యం చెడేంత బరువు చేత్తో మోయించకూడదని, ఆడవాళ్ళ చేత మోయించే బరువు మగవాళ్ళకన్నా బాగా తక్కువ ఉండాలని అందులో ఉంది. దాంతో పాటు ఇచ్చిన సిఫారసులో మగవాడికి 55 కిలోలు మించొద్దన్నారు. అప్పటికి మన డ్యాము మోత చాలావరకు అయిపోయింది. మోసినవాళ్ళ నడుముల సంగతి ఎవరూ కొలవలేదు, ఎక్కడా రాయలేదు.

కాలవ వచ్చాక

కుడి కాలవ, దాన్నే జవహర్ కాలవ అంటాం, వచ్చాక మెట్ట మాగాణి అయ్యింది. జొన్నకూడు పోయి వరన్నం వచ్చింది. మన పల్నాడు దరిద్రం చాలావరకు ఆ నీళ్ళే తీర్చాయి. కానీ పని మారింది. జొన్న చేలో కలుపు కూర్చుని తీసేవాళ్ళు. వరి నాటు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాలి లోతు బురదలో వంగి వేయాలి. వంగినప్పుడు పై ఒళ్ళు బరువంతా నడుం కింది ఎముకల మీద పడుతుంది. చేతిలో ఏ బరువూ లేకపోయినా సరే. కాళ్ళు నీళ్ళల్లో నాని ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. నాటుకు, కలుపుకు, కోతకు, మూడింటికీ వంగాల్సిందే.

తర్వాత కోత మిషన్లు వచ్చాయి, కలుపు మందులు వచ్చాయి. వంగడం తగ్గింది. దాంతో పాటు కూలి రోజులూ తగ్గాయి. మిషను రైతుదో, అద్దెకిచ్చే ఆసామిదో. మన నడుముకు సుఖం వచ్చింది గానీ మన చేతికి డబ్బు రాలేదు. ఆ డబ్బు కోసం మళ్ళీ పత్తికి, మిర్చికి పోయాం. ఇదే ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. బరువు తగ్గడం వేరు, బరువు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారడం వేరు. పనిముట్టు ఎవరి చేతిలో ఉందో చూస్తే ఏది జరిగిందో తెలుస్తుంది.

పత్తి, మిర్చి, సున్నం

పత్తి తీతలో ఒడి కట్టుకుంటాం. పొద్దుటికి ఖాళీగా ఉన్న ఒడి మధ్యాహ్నానికి నిండి ముందుకు లాగుతుంది. ముందు బరువు, వెనక వంగిన నడుం, మధ్యలో వెన్ను నలుగుతుంది. కాయ మొనలు గుచ్చుకుని గోళ్ళ చుట్టూ చీరుకుపోతుంది. పైగా మందు కొట్టిన చేలోకి రెండో రోజే దిగుతాం. 1987-88లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు కుప్పకూలారు. ఎన్నిసార్లు మందు కొట్టినా పంట దక్కలేదు, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అప్పులు తీర్చిన ఇళ్ళల్లో ఆడవాళ్ళ కూలి కూడా ఉంది. దాని గురించి ఎక్కడా చదవలేదు గానీ మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

మిర్చి కోత ఎండాకాలం మొదట్లో. రెంటచింతల అంటే రాష్ట్రమంతా ఎండకు పేరు. ఆ ఎండలో చేతులకు, కళ్ళకు మిరప ఘాటు. కిలో లెక్కన కూలి ఇస్తే ఇంకా ప్రమాదం. రోజు కూలికైతే కాసేపు చెట్టు కింద కూర్చోవచ్చు, కిలో కూలికి కూర్చుంటే డబ్బు పోతుందని కూర్చోం. నీళ్ళు తాగితే మధ్యలో లేవాలని నీళ్ళు తాగం. చేలో మరుగుదొడ్డి ఉండదు గనక ఆ భయం ఇంకోటి. ఒంట్లో నీరు తగ్గి మూత్రంలో మంట, కళ్ళు తిరగడం ఇలా మొదలవుతాయి. 2015 ఎండల్లో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. ఎండ మన చేతిలో లేదు. ఏ వేళకు పనిలోకి దిగాలి, ఏ వేళకు ఆపాలి అన్నది మాత్రం ముఠా అంతా ఒక మాట మీద ఉంటే మన చేతిలోకి వస్తుంది.

పిడుగురాళ్ళ అంటే సున్నం. సున్నపు బట్టీల దగ్గర రాయి పగలగొట్టడం, జల్లెడ పట్టడం, బస్తాలకెత్తడం. సున్నం దుమ్ము చెమట తగిలితే కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి క్వారీలు, సిమెంటు పనులు. అక్కడా దుమ్మే, బరువే.

ఏ పని చేస్తావమ్మా అని అడిగిన డాక్టరు

ఇటలీలో రామజ్జీని అని ఒక డాక్టరు ఉండేవాడు. 1700లో పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని చూడగానే మిగతా ప్రశ్నలతో పాటు "నువ్వు ఏ పని చేస్తావు?" అని కూడా అడగాలని డాక్టర్లకు చెప్పింది ఆయనే. ఆ పుస్తకంలో సున్నం పనివాళ్ళున్నారు, బట్టలుతికేవాళ్ళున్నారు, మూటలు మోసేవాళ్ళున్నారు, పొలం పనివాళ్ళున్నారు. రోజంతా కూర్చుని రాసే గుమాస్తాలు కూడా ఉన్నారు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరుగా ఆడించడం, లెక్క తప్పుతుందేమో అన్న దిగులు, ఈ మూడూ వాళ్ళ జబ్బులకు కారణమన్నాడు. మన బుక్ కీపర్లు, కుట్టుమిషన్ అక్కలు ఈ మాట విని నవ్వుకుంటారు. మూడు వందల ఏళ్ళ క్రితం ఎక్కడో చెప్పిన మాట వాళ్ళ గురించే చెప్పినట్టు ఉంటుంది.

కానీ డాక్టరు చెబితే బరువు తగ్గలేదు. పనివాళ్ళు సంఘాలు కట్టి అడిగాకనే చట్టాలొచ్చాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. అందులో కూడా ఇండియాకు వారానికి 60 గంటలని వేరుగా రాశారు. మనకు ఆ 48 గంటలు రావడానికి 1946 దాకా పట్టింది. అప్పుడు వైస్రాయి సభలో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేద్కర్. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఒంటికి హాని చేసేంత బరువు మోయించకూడదని, నిలబడి పనిచేసేవాళ్ళకు మధ్యలో కూర్చునే వీలు ఉండాలని, ఆడవాళ్ళు పనిచేసే చోట పసిపిల్లలకు గది ఉండాలని రాశారు. ఆ పిల్లల గదికి లెక్క మొదట 50 మంది ఆడవాళ్ళు, 1976లో దాన్ని 30 మంది దాటితే పెట్టాలని మార్చారు.

ఇన్ని మంచి మాటలూ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయాయి. మన మిరప చేలకు గేటు లేదు. మన వంటింటికి ఇన్‌స్పెక్టర్ రాడు. అహ్మదాబాద్‌లో బట్టల మార్కెట్లో నెత్తిన మూటలు మోసే ఆడవాళ్ళ గోడు విని ఇలా భట్ గారు 1972లో సేవ సంఘం పెట్టింది ఇందుకే. చట్టం చూడని పనివాళ్ళని లెక్కలోకి తేవడానికి. ఆవిడ అధ్యక్షతన వేసిన కమిషను 1988లో శ్రమశక్తి అనే నివేదిక ఇచ్చింది. ఇళ్ళల్లో, పొలాల్లో, బజార్లో చేసే ఆడవాళ్ళ పని పనేనని దేశానికి గట్టిగా చెప్పిన నివేదిక అది.

ఫ్యాక్టరీ బయటి పనికి ఇలాంటి రాత 2005 ఉపాధి హామీ చట్టంలో కనిపించింది. పని చోట తాగునీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని, ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు, అంతకన్నా ఎక్కువ వస్తే వాళ్ళని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకు కూడా కూలి ఇవ్వాలని అందులో రాశారు. రాసినవన్నీ అన్ని చోట్లా జరిగాయా అంటే మనకు తెలుసు. అడిగిన ఊళ్ళో టెంటు వేశారు. అడగని ఊళ్ళో తుమ్మచెట్టే నీడ.

సంఘాలు వచ్చాక

1982లో డ్వాక్రా మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకున్న ఆడవాళ్ళు రోశమ్మ గారితో కలిసి సారా వద్దన్నారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అది తాగుడు గొడవ మాత్రమే అనుకుంటారు. నిజానికి అది ఒంటి గొడవ కూడా. పగలంతా చేలో వంగి వచ్చిన నడుం మీద రాత్రి దెబ్బలు పడకూడదని ఆడవాళ్ళు చేసిన పోరాటం. ఆ తర్వాతే పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. 2000లో సెర్ప్ వచ్చి వెలుగు మొదలయ్యాక గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అని మనకో వరస ఏర్పడింది.

1999లో దీపం పథకం కింద సంఘం ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. మెడ మీద మోపు, కళ్ళల్లో పొగ, ఈ రెండూ ఒక్కసారిగా తగ్గించిన పని అది. సిలిండరు కొనలేక చాలామంది మళ్ళీ కట్టెల పొయ్యి రాజేశారు. 2024 నవంబరు నుంచి దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు గనక కొంత ఊరట. ఇక్కడ ఒక తేడా గమనించండి. కోత మిషను మన కూలి తీసుకుపోయింది, గ్యాసు పొయ్యి మన దగ్గర ఏమీ తీసుకుపోలేదు. ఎందుకంటే అది మన పేరు మీద, మన ఇంట్లో ఉంది.

ఇంకో చిన్న విషయం. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. రైతులు యూరియా తక్కువ వాడాలని చేశారు. మోసేవాళ్ళ కోసం కాదు. అయినా మోసేవాళ్ళ మెడకు అయిదు కిలోలు తగ్గాయి. అంటే బస్తా బరువు దేవుడు రాసింది కాదు, మనుషులు కూర్చుని తేల్చిందే. వాళ్ళు ఒక కారణానికి తగ్గిస్తే, మనం మన కారణానికి అడగొచ్చు. మిరప టిక్కీ 40 కిలోలు దాటుతుంది. అమెరికాలో 1991లో వేసిన లెక్కలో అన్నీ అనుకూలంగా ఉన్న చోట కూడా ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలే అన్నారు.

మనసు మీద బరువు

ఒంటి బరువు పైకి కనిపిస్తుంది, మనసు బరువు కనిపించదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారని సర్వే చేసింది. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. మనకు దాదాపు అయిదు గంటలు. ఇది కూలి పని కాక. పగలు చేలో, పొద్దున సాయంత్రం ఇంట్లో. నిద్ర తక్కువైతే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి ఎక్కువైతే నిద్ర పట్టదు. ఇది ఒక గుండ్రం.

దానికి తోడు వాయిదా భయం. 2010లో మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్సు అప్పుల వసూళ్ళకు తట్టుకోలేక ఎంతమంది ఆడవాళ్ళు ప్రాణం తీసుకున్నారో ఆనాటి పేపర్లు చదివినవాళ్ళకు తెలుసు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఇంటి మీదికి వచ్చి వసూలు చేయడాన్ని, వారం వారం వాయిదాలను ఆపింది. మనది మైక్రో ఫైనాన్సు కాదు, మన సంఘం మనదే. అయినా ఒక సభ్యురాలు వాయిదా కట్టలేనప్పుడు మిగతా తొమ్మిదిమంది ఆమె ముఖం వైపు చూసే చూపు కూడా బరువే. వాయిదా ఆలస్యమైన అక్కని ముందు "ఒంట్లో బాగుందా?" అని అడిగి, తర్వాత డబ్బు మాట అడిగితే సంఘానికి పోయేదేం లేదు.

గర్భసంచి సంగతి

ఇది రాయాలా వద్దా అని మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. రాయాలనే అనుకున్నాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 100కి మూడు మందికి కాస్త పైన ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. మన సంఘాల్లో లెక్కేసుకున్నా ప్రతి సంఘంలో ఒకరైనా తేలతారు. చాలామంది మొదట ఆసుపత్రికి పోయింది నడుం నొప్పికి, తెల్లబట్టకు, పొత్తికడుపు లాగుడుకు. ఏ పని చేస్తావమ్మా అని అడిగినవాళ్ళు తక్కువ.

గర్భసంచి తీయాల్సిన జబ్బులు నిజంగా ఉన్నాయి. అప్పుడు తీయించుకోవాల్సిందే. కానీ వంగి వంగి వచ్చిన నడుం నొప్పి గర్భసంచి తీస్తే పోదు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్‌కు చేసిన అప్పు తీర్చడానికి మళ్ళీ అదే చేలోకి, మూడు నెలలు కాకముందే బరువులు ఎత్తడానికి పోతున్నాం. అందుకని మా మాట ఒక్కటే. ఆపరేషన్ అన్నారంటే తొందరపడొద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరమ్మకు చూపించండి. మీరు ఏ పని చేస్తారో అడక్కపోయినా మీరే చెప్పండి.

ఇక మనం చేసుకోదగ్గవి

ఈ చరిత్ర అంతా చూస్తే బరువు తగ్గిన చోటల్లా మూడింటిలో ఏదో ఒకటి ఉంది. చేతికి మంచి పనిముట్టు రావడం, పనికి ఒక నియమం ఉండడం, ఆ రెండింటినీ అడగడానికి నలుగురు కలవడం. మొదటి రెండూ మూడోది లేకపోతే నిలబడలేదు. ఆ మూడోది మన దగ్గర ఉంది. అందుకని సంఘాల్లో చర్చకు ఈ కింది విషయాలు పెడుతున్నాం.

ముఠా నియమం: కోతకు పోయే ముఠా ముందే మాట్లాడుకోవాలి. గంటకు అయిదు నిమిషాలు అందరూ ఒకేసారి లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగాలి. ఒక్కరు లేస్తే సోమరి అంటారు, అందరూ లేస్తే అది పద్ధతి అవుతుంది. ఎండాకాలంలో తెల్లారే దిగి, ఎండ ముదరకముందే ఆపాలి. దాహం కాకపోయినా అరగంటకోసారి నీళ్ళు తాగాలి. కళ్ళు తిరిగితే నీడకు చేర్చి, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వాలి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఒంటి మీద తడి బట్ట కప్పి 108కి ఫోన్ చేయాలి.

బరువు: పత్తి ఒడి పూర్తిగా నిండేదాకా ఆగొద్దు, సగంలోనే గట్టున పోసి రండి. ఒక పెద్ద బిందె కన్నా రెండు చేతులకు రెండు చిన్నవి నయం. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. నడుం వంచి ఎత్తొద్దు, ఎత్తి పక్కకు తిరగొద్దు. 20 కిలోలు దాటితే ఇద్దరు పట్టాలి.

కూర్చుని చేసే పని: మిరప తొడిమలు తీసేటప్పుడు గొంతుక్కూర్చోకుండా పీట వేసుకోండి. కుట్టుమిషన్ దగ్గర వీపుకు ఆనుడు ఉన్న కుర్చీ కావాలి, వెలుగు ఎడమ పక్క నుంచి పడాలి. బుక్ కీపర్లకు ఒక చిన్న బల్ల సమాఖ్య డబ్బుతో కొనాలని ప్రతిపాదిస్తున్నాం.

సున్నం, దుమ్ము, మందు పనులు: నూలు బట్ట రెండు మడతలు ముక్కుకు కట్టుకోండి. చేతులకు తొడుగు, కళ్ళకు అద్దాలు యజమానిని అడగండి. కంట్లో సున్నం పడితే నలపకుండా పావుగంట సేపు మంచినీళ్ళతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి పోవాలి. మందు కొట్టిన చేలోకి ఎన్నాళ్ళకు దిగొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది. చదవగలిగినవాళ్ళు చదివి మిగతావాళ్ళకు చెప్పాలి.

పనిముట్లు: తేలిక కొడవళ్ళు, నిలబడి తోసే కలుపు మిషన్లు, చక్రాల తోపుడుబండి, ఇవి గ్రామ సమాఖ్య పేరు మీద కొని సభ్యులకు అద్దెకిద్దాం. కొనే ముందు ఆడవాళ్ళ చేతికి పట్టు సరిపోతుందో లేదో నలుగురు వాడి చూడాలి. మగవాళ్ళ ఎత్తుకు చేసిన పిడి మనకు ఇంకో నొప్పి తెచ్చిపెడుతుంది.

డాక్టరు దగ్గరికి: నొప్పి కాలు దాకా పాకినా, కాలు తిమ్మిరెక్కినా, రాత్రిళ్ళు నొప్పికి మెలకువ వచ్చినా పీహెచ్‌సీకి పోవాలి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగకపోవడమో, రాకపోవడమో ఉంటే ఆ రోజే పోవాలి. దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని రోజూ మింగితే కిడ్నీలకు ముప్పు. మనసు బాగా కుంగితే 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇల్లు: 299 నిమిషాల్లో ముప్పై నిమిషాలు ఇంట్లో మగవాళ్ళకు, పెద్ద పిల్లలకు, కొడుకులకు కూడా, అప్పజెప్పి చూడండి. నీళ్ళు పట్టడంతో మొదలుపెట్టొచ్చు.

చివరగా ఒక కోరిక. వచ్చే ఏడాది నుంచి మినిట్స్ పుస్తకంలో పొదుపు, అప్పు, వసూలు కాలమ్‌ల పక్కన ఇంకో కాలమ్ గీద్దాం. ఈ నెల ఎవరికి ఎక్కడ నొప్పి, ఏ పని వల్ల అని రెండు మాటలు రాద్దాం. మన సంఘాలన్నింటి పుస్తకాలూ పన్నెండు నెలల తర్వాత కలిపి చూస్తే, ఏ పనికి ఏ నొప్పి వస్తుందో మన మండలానికి ఒక లెక్క తేలుతుంది. ఆ కాగితం పట్టుకుని వ్యవసాయ శాఖకు, పీహెచ్‌సీ డాక్టరుకు, ముఠాలు పెట్టుకునే రైతులకు చూపించవచ్చు. సాగర్ కట్టినవాళ్ళ నొప్పులు ఎవరూ రాసిపెట్టలేదు. మనవి మనమే రాసుకోవాలి.

ఇట్లు
మీ సంఘ లీడర్లం